శనివారాలు దేవుళ్ళ వరసలో

గైక్ సిమ్ టీచరమ్మ దగ్గర లండన్ ఊసెత్తకూడదని, మలయాలోని మా పినాంగ్‌లో అందరికీ తెలుసు. ఎత్తితే చీకటిపడేదాకా లేవనివ్వదు. పోనీ రాణిగారి కోట గురించో, నది ఒడ్డున పెద్ద గడియారం గురించో చెబుతుందా అంటే అదీ లేదు. ఆవిడ చెప్పేదంతా ఒక స్టూలు గురించి. కాన్వాసు గుడ్డ బిగించిన మడత స్టూలు. కూర్చుంటే కిర్రుమంటుంది, లేస్తే గుడ్డ మీద మన ఆకారం మిగులుతుంది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, చదువుకున్న కాలేజీ పేరు చెప్పడానికి ఒక్క నిమిషం తీసుకుంటుంది, స్టూలు దగ్గరికొచ్చేసరికి కుర్చీ ముందుకి లాక్కుంటుంది.

పందొమ్మిది వందల యాభై ఏడులో, ఇరవయ్యేళ్ళ వయసులో, సర్కారు స్కాలర్‌షిప్పు మీద టీచరు ట్రైనింగుకని ఓడెక్కింది గైక్ సిమ్. ఓడరేవులో వీడ్కోలు చెప్పడానికి వచ్చింది ఇద్దరే. పెంచిన నానమ్మ, పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన బీ హోంగ్ అత్త. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి యుద్ధంలో పోయాడు. నానమ్మకి అక్షరమ్ముక్క రాదు గానీ నాటకాల పిచ్చి మాత్రం ఊరందరిదీ కలిపి ఆవిడ ఒక్కదానికే ఉండేది. గుడి ముందు పందిరి వేసి ఆట మొదలెడితే చాలు, బుగ్గన తాంబూలం, చంకన మనవరాలు, చేతిలో విసనకర్రతో ప్రత్యక్షం.

ఓడ కూత వేస్తుంటే నానమ్మ చెప్పిన హితవు ఇది.

"చదువు సంగతి సర్కారు చూసుకుంటుంది, దాని గురించి నాకు రాయొద్దు. అక్కడ నాటకాలు బాగుంటాయట. చూసినవన్నీ చూసినట్టు చెప్పాలి నాకు. మధ్యలో వదిలేస్తే ఊరుకోను."

"అక్కడి భాష నీకు తెలీదుగా నానమ్మా."

"ఏడిస్తే ఏడిచినట్టు తెలీదూ? నువ్వు చెప్పవే!"

అలా గైక్ సిమ్ నెత్తిన రెండు చదువులు పడ్డాయి. ఒకటి సర్కారుది, రెండోది నానమ్మది. రెండోదే కష్టంగా ఉండేదని ఇప్పటికీ అంటుంది.

లండన్ చేరిన మూడో వారం, ఒక శనివారం పొద్దున్న, నాటకాలాడే పెద్ద హాలు వెతుక్కుంటూ ఒక్కర్తే బయల్దేరింది. దొరికింది. హాలు పక్క సందులోకి తొంగి చూసి అక్కడే కొయ్యబారిపోయింది. గోడ వారన నలభై స్టూళ్ళు వరసగా వేసి ఉన్నాయి. ఒక్క మనిషి లేడు. ప్రతి స్టూలుకీ ఒక పేరు రాసిన చీటీ ఉంది. గాలికి చీటీలు రెపరెపలాడుతున్నాయి.

మా పినాంగ్ పిల్ల కాబట్టి గుండె జారిపోయింది గానీ, ఇంకో ఊరి పిల్లయితే నవ్వుకుని పోయేది. మా దగ్గర చైనావాళ్ళ పంచాంగంలో ఏడో నెల వస్తే, చచ్చిపోయినవాళ్ళు నెల్రోజులు సెలవు మీద ఇళ్ళకి వస్తారు. వాళ్ళకోసమే వీధుల్లో నాటకాలు వేయిస్తారు. ముందు వరస కుర్చీలు వాళ్ళవి. ఎంత జనం ఉన్నా, కాళ్ళు పీక్కుపోతున్నా, బతికున్నవాడు ఎవడూ ఆ వరసలో కూర్చోడు. గైక్ సిమ్‌ నాలుగేళ్ళప్పుడు ఖాళీగా ఉంది కదా అని పరిగెత్తుకెళ్ళి ఎక్కి కూర్చుంది. నానమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చిన లాగుడుకి మూడు రోజులు చెవి ఎర్రగా ఉంది. "అక్కడ కూర్చోడానికి ఇంకా టైముంది నీకు, నాకంటే ముందు తయారయ్యావా?" అంది.

ఆ చెయ్యి ఇప్పుడు సందు మొదట్లోనే పట్టి ఆపినట్టయింది. అంతలో వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమ్మా, దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు?"

ఆవిడ మిసెస్ హాకెట్. స్టూళ్ళు అద్దెకిచ్చే మనిషి. మగవాళ్ళ ఓవరుకోటు, వేళ్ళు తెగ్గోసిన చేతిజోళ్ళు, నోట్లో వెలగని సిగరెట్టు.

"ఈ... వీటిలో ఎవరు కూర్చున్నారు?" అని అడిగింది గైక్ సిమ్. అడిగాక సిగ్గుపడింది.

"ఎవరూ కూర్చోలేదు. ఊరు తిరగడానికి పోయారు. ఆరు పెన్నీలియ్యి, నీ పేరు రాసి నీకూ ఒకటేస్తా. నువ్వూ పో. సాయంత్రం ఐదున్నరకి వచ్చి దీని మీద కూర్చో. నువ్వు లేకపోయినా టిక్కెట్టుకి నీ వరస నీదే. ఎవడైనా జరిపాడా, వాడి వేళ్ళు విరగ్గొడతా. పేరు?"

"గైక్ సిమ్."

"ఏంటీ?" ఆవిడ ఆ పేరుని కాసేపు నమిలింది. "సిమ్ము అని రాస్తాలే, దేవుడికి అర్థమవుతుంది."

అప్పటినుంచి రెండేళ్ళపాటు శనివారం అంటే ఇదే. పొద్దున్నే స్టూలు వేయించుకోవడం, సాయంత్రం దాకా ఊరి మీద పడడం, ఐదున్నరకి ఆయాసపడుతూ సందులోకి రావడం. తన బదులు స్టూలు కూర్చుంటే తను లండన్ చూసింది. కోటలో కాకులకి జీతం ఇచ్చి మాంసం పెట్టడం చూసి, "మా కాకులు చెత్తకుండీ దగ్గర పోట్లాడుకుంటాయి పాపం" అనుకుంది. పడవెక్కి గ్రీనిచ్ వెళ్ళి భూమిని తూర్పు పడమరలుగా చీల్చే గీత మీద కాళ్ళు చెరో పక్కా వేసి నిలబడింది. పెద్ద మ్యూజియంలో గాజు పెట్టెలో దీపాలు పెట్టి మరీ ఒక పింగాణీ జాడీ చూపిస్తుంటే జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అచ్చం అలాంటి జాడీలోనే వాళ్ళింట్లో నానమ్మ పచ్చళ్ళు వేస్తుంది. గైక్ సిమ్ పకపకా నవ్వింది. కాపలావాడు వేలు చూపించి బయటికి పొమ్మన్నాడు.

వాన వస్తే మ్యూజియం, ఎండ వస్తే పార్కు. ఎండ ఎప్పుడోగాని రాదు కాబట్టి మ్యూజియాలన్నీ కంఠతా వచ్చాయి. సాయంత్రం సందులో కూర్చుని వేయించిన చేపముక్కలు కాగితంలో తింటూ, వరస ముందు చెంచాలు వాయిస్తూ పాడే ముసలాయనకి చిల్లర వేస్తూ, తలుపులు ఎప్పుడు తీస్తారా అని చూడ్డం. ఆ గంటే అన్నిటికన్నా బాగుండేదంటుంది. ఆటకన్నా కూడానా అని అడిగితే, "ఆట కళ్ళకి. ఈ గంట నాకు" అంటుంది. ఆ మాటకి ఇంకో అర్థం అడిగినా చెప్పదు.

తలుపులు తీశాక మెట్లు. గొప్పవాళ్ళు ఎదురుపడకుండా పేదవాళ్ళకి వేరే ద్వారం, వేరే మెట్లు. నూటెనిమిది మెట్లెక్కితే ఇంటి కప్పుకి తల తగిలేంత ఎత్తులో వీపు ఆనడానికి కూడా లేని బల్లలు. వెనకవాడి మోకాళ్ళు మన వీపుకి, మన మోకాళ్ళు ముందువాడి వీపుకి. అంత ఎత్తు నుంచి చూస్తే రాజు వేషగాడి ముఖం కన్నా నడినెత్తిన పలచబడ్డ జుట్టే ఎక్కువ తెలుస్తుంది. మన తెలుగువాళ్ళు చవక టిక్కెట్టుని నేల టిక్కెట్టు అన్నారు. అక్కడివాళ్ళు చవకవాళ్ళని నెత్తికెక్కించి, ఆ బల్లలకి "దేవుళ్ళు" అని పేరు పెట్టుకున్నారు. "ఎక్కడ కూర్చున్నావు?" అంటే "దేవుళ్ళలో" అంటారు. చాలా మామూలుగా అనేస్తారు.

ఆదివారం ఆదివారం గైక్ సిమ్ ఆట మొత్తం ఉత్తరంలో దించేది. ఇంగ్లీషు బళ్ళో చదువుకున్న పిల్ల, ఇంగ్లీషులోనే రాసేది. బీ హోంగ్ అత్త అది చదివి, నానమ్మకి మా ఊరి చైనావాళ్ళు మాట్లాడే హొక్కియెన్ భాషలో చెప్పేది. రెండు వారాలకి జవాబు వచ్చేది, నానమ్మ చెప్పింది చెప్పినట్టు.

"ఆ ముసలి రాజుకి తల్లి లేదా? ఉంటే రాజ్యం పంచే ముందు రెండు తగిలించేది. కూతుళ్ళనని ఏం లాభం?" అని ఒకసారి. "ఆ పిల్ల విషం తాగేటప్పుడు పక్కన ఒక్క ఆడమనిషైనా లేదూ? రాసినవాడు మగాడై ఉంటాడు" అని ఇంకోసారి. గైక్ సిమ్ ఆ ఉత్తరాలు కాలేజీలో గట్టిగా చదివితే తోటి పిల్లలు కడుపు పట్టుకునేవాళ్ళు.

రెండో ఏడు సెప్టెంబరులో నానమ్మ అడిగింది. "అన్నీ చెప్తావు, నువ్వెక్కడ కూర్చుంటావో చెప్పవేం? ముందా, పక్కనా? స్తంభం అడ్డం రాదు కదా?"

గైక్ సిమ్ నవ్వించబోయింది. హుషారుగా ఇలా రాసింది. "నానమ్మా, నేను శనివారం శనివారం దేవుళ్ళలో కూర్చుంటాను. చాలా మెట్లెక్కి వెళ్ళాలి. పైనుంచి చూస్తే అందరూ చిన్నగా కనిపిస్తారు. నా చోటు ఎవరూ తీసుకోరు. ఇక్కడ హాయిగా ఉంది, నాకోసం బెంగపడొద్దు."

ఆ తర్వాత జవాబు లేదు. రెండు వారాలు, మూడు వారాలు. అయిదో వారం అత్త దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందులో నానమ్మ మాట ఒక్కటీ లేదు.

"నువ్వు రాసింది రాసినట్టు చెప్పానే" అని మొదలుపెట్టింది అత్త. "దేవుళ్ళలో కూర్చుంటోందట అన్నాను. మీ నానమ్మ నమిలే తాంబూలం ఆపేసింది. 'ఎన్నాళ్ళయింది?' అంది. చాన్నాళ్ళయింది, వెళ్ళినప్పట్నుంచీ అన్నాను. లేచి లోపలికెళ్ళిపోయింది. పొద్దున్న చూస్తే పోయినవాళ్ళ పటాల బల్ల మీద మీ నాన్న ఫోటో పక్కన నీ ఫోటో ఉంది. ముందు ఒక గిన్నెలో నీకిష్టమైన నూడుల్సు. నువ్వు బతికే ఉన్నావని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. 'అప్పుడూ ఇలాగే చెప్పావుగా' అంది. ఇప్పుడు నీ ఉత్తరం విప్పితే చాలు, చెవులు మూసుకుంటుంది."

అప్పుడు అంటే యుద్ధంలో. జపానువాళ్ళు ఒక పొద్దున్న వీధి రెండు చివర్లూ మూసేసి మగవాళ్ళని లారీ ఎక్కించారు. గైక్ సిమ్ తండ్రి తిరిగి రాలేదు. రాడని నెలలోపే అత్తకి తెలిసింది. ముసలామె తట్టుకోలేదని ఆవిడకి ఏమీ చెప్పకుండా, సయాం దేశంలో బియ్యం కొట్లో పని దొరికిందని, ఒళ్ళు బాగుందని, బెంగపడొద్దని తనే ఉత్తరాలు రాసి తనే చదివి వినిపించింది. మూడేళ్ళు. వీధి వీధంతా ఆ అబద్ధానికి వంత పాడింది. యుద్ధమయ్యాక అందరి కొడుకులూ వచ్చి ఈ ఒక్కడూ రాకపోయేసరికి నానమ్మకే అర్థమైంది. ఆవిడ ఏడవలేదు. "ఎవరు రాశారు అవి?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు గైక్ సిమ్‌కి తన ఉత్తరం గుర్తొచ్చింది. హాయిగా ఉంది, బెంగపడొద్దు. అవే మాటలు తనూ రాసింది.

బతికున్నానని ఎలా చెప్పాలి? టెలిగ్రామ్ కొట్టింది. చదివింది అత్తే. పావురాల మధ్య నిలబడి ఫోటో తీయించుకుని పంపింది. "స్టూడియోలో వెనక ఏ గుడ్డ కడితే ఆ ఊరే" అందట నానమ్మ. ఇరుగుపొరుగులని పిలిచి చదివిద్దామంటే వాళ్ళంతా పాత దొంగలే. చదువురాని మనిషికి, ఒకసారి అక్షరాలతో మోసపోయిన మనిషికి, అక్షరాలతో ఏం నిరూపిస్తాం?

నవంబరు వచ్చింది. పొగమంచు పట్టి ఎదుటి మనిషి కనిపించడం లేదు. గైక్ సిమ్‌కి జలుబు చేసి ముక్కు పగిలిన కుళాయిలా ఉంది. ఆ శనివారం, ఆర్నెల్లుగా చూద్దామనుకుంటున్న నాటకానికి ఆఖరి ఆట. అయినా స్టూలు వేయించుకున్నాక ఊరు తిరగడానికి వెళ్ళలేదు, దాని మీదే కూలబడింది.

"ఇవాళ చూడ్డానికి ఏమీ మిగల్లేదా లండన్‌లో?" అంది మిసెస్ హాకెట్.

గైక్ సిమ్ మొత్తం చెప్పేసింది. మధ్యలో మూడుసార్లు తుమ్మింది. మిసెస్ హాకెట్ ఈసారి సిగరెట్టు వెలిగించింది.

"దేవుళ్ళు అని రాశావా? ముసల్దానికి?"

"నవ్వుతుందనుకున్నాను."

"నవ్వుతుంది, ఎందుకు నవ్వదూ! బుర్ర ఉందా నీకు? కాలేజీలో ఇదేనా నేర్పేది?" కాసేపు పొగ వదిలి, "చదవడం రాకపోతే పోయె, వినడం వచ్చుగా?" అంది. "పెద్ద రైల్వే స్టేషన్లో ఒక పెట్టె పెట్టారు. లోపలికెళ్ళి డబ్బులేసి మాట్లాడితే నీ మాట గ్రామఫోను రికార్డై బయటికొస్తుంది. నావికులు పెళ్ళాలకి పంపుకుంటారు. పో. కానీ ఐదున్నరకి రాకపోతే నీ స్టూలు ఇచ్చేస్తా. రూలంటే రూలే."

పెట్టె ముందు సెలవు మీదొచ్చిన నావికులు చాంతాడంత వరస కట్టి ఉన్నారు. అక్కడ స్టూళ్ళు లేవు, నిలబడాలి. గైక్ సిమ్ నిలబడి, చెప్పాల్సింది మనసులో వల్లె వేసుకుంది. దేవుళ్ళంటే చవక బల్లలని, అత్త తప్పేమీ లేదని, తను ఎనభై ఏళ్ళు బతుకుతానని. స్టేషను గడియారం ఐదు చూపించింది. ఐదున్నర చూపించింది. ఆఖరి ఆట పోయింది. ఆరింటికి ఆమె వంతు వచ్చింది.

తలుపు మూసుకుంది. ఎర్ర దీపం వెలిగింది. ఒక్క నిమిషమే ఉంది. వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటి గుర్తుకొస్తే ఒట్టు. సూది గీసుకుంటూ పోతోంది, గైక్ సిమ్ నోరు తెరుచుకుని నిలబడింది. సగం నిమిషం అలాగే పోయింది. ఆఖరికి నోట్లోంచి వచ్చింది, మా వాళ్ళు ఇంటికెవరొచ్చినా, వీధిలో ఎవరెదురైనా ముందు అడిగే మాట.

"నానమ్మా, అన్నం తిన్నావా?"

తర్వాత పెద్ద తుమ్ము. ఆ వెనకే ఇంకోటి. ముక్కు చీదుకుని, "నేను తిన్నాను" అంది. దీపం ఆరిపోయింది.

అట్ట కవర్లో ఆ రికార్డు పెట్టి విమానం టపాలో పంపింది గానీ, ఇంత బతుకూ బతికి ఇంటెనక చచ్చినట్టయిందని తనని తాను తిట్టుకోని పూట లేదు. తర్వాతి శనివారం మిసెస్ హాకెట్ ముందే చెప్పింది. "నీ స్టూలు ఇచ్చేశా. నా కడుపున పుట్టినదానివైనా ఇచ్చేసేదాన్ని. అందిందా పెట్టె?" గైక్ సిమ్ తలూపింది. ఆ వారం ఆట చూసింది గానీ ఆదివారం ఎవరికి రాయాలో తెలీలేదు. చూసిన ఆటలో సగం అప్పుడే మర్చిపోయింది. చెప్పించుకునే మనిషి లేకపోతే చూసింది కూడా నిలవదని అప్పుడే తెలిసిందంటుంది.

మూడో శనివారం పొద్దున్న హాస్టల్ నుంచి బయల్దేరుతుంటే అత్త ఉత్తరం చేతికందింది. విప్పడానికి భయమేసి సందు దాకా తీసుకెళ్ళింది. స్టూలు మీద కూర్చుని విప్పింది.

"మనింట్లో గ్రామఫోను లేదు కదా, మూల మీద కాఫీ కొట్టుకి తీసుకెళ్ళాను. రానంటే రానంది, చేతులు పట్టుకుని లాక్కెళ్ళాను. కొట్టువాడు రేడియో ఆపేశాడు. కొట్లో ఉన్నవాళ్ళందరూ చేరారు. మొదట ఏమీ వినిపించలేదు, ఒట్టి గీరుడు. మీ నానమ్మ నా వైపు చూసిన చూపుకి నేను చచ్చాననుకున్నాను. తర్వాత నీ గొంతొచ్చింది. తల వంచుకుని కూర్చుంది, కదల్లేదు. గొంతు కూడా ఎవరో అనుకరించారనుకుంటోందని నాకు తెలుసు. అప్పుడు నువ్వు తుమ్మావు. ఠక్కున తలెత్తింది. 'మళ్ళీ పెట్టండి' అంది. ఏడుసార్లు పెట్టించింది. ఏడోసారి లేచి నిలబడి, 'చచ్చినోళ్ళకి జలుబెక్కడిదే?' అని కొట్టంతా అదిరేలా అరిచి, నా వీపు మీద ఒక్కటిచ్చింది. పిల్లకి అల్లం కషాయం కాచుకోమని రాయలేదని. ఇంటికొచ్చి నీ ఫోటో బల్ల మీంచి తీసేసి, అక్కడ పెట్టిన నూడుల్సు తనే తినేసింది. అల్లం ఎండబెట్టి పంపుతున్నాం. చెవులు మూసుకుని వినకుండా వదిలేసిన ఆటలన్నీ మళ్ళీ మొదట్నుంచి రాయమంది."

గైక్ సిమ్ నవ్వేసింది. కళ్ళు తుడుచుకుని, కాగితం తిప్పింది. వెనక ఇంకా ఉంది.

"ఇంకో మాట. రాయొద్దంది, అయినా రాస్తున్నాను. నిన్న పటాల బల్ల తుడుస్తూ మీ నాన్న ఫోటో చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఏమ్మా అన్నాను. 'ఇన్నాళ్ళూ ఏడవకుండా ఎలా ఉన్నాననుకున్నావే? పోతేపోయింది, పిల్ల వాడి పక్కన కూర్చుని నాటకం చూస్తోందిలే అనుకున్నాను. వాడికి తోడు దొరికిందిలే అనుకున్నాను. పిల్ల బతికుంది, నూరేళ్ళు బతకనీ. కానీ వాడు మళ్ళీ ఒంటరివాడైపోయాడే' అంది."

మిసెస్ హాకెట్ పక్క స్టూలుకి చీటీ కడుతూ తలెత్తి చూసింది.

"ఏమ్మా సిమ్మూ, చెడ్డ వార్తా?"

"కాదు. నమ్మింది. అంతా మంచి వార్తే" అంది గైక్ సిమ్. అంటూనే భోరుమంది. ముఖం కూడా గుర్తులేని తండ్రి కోసం ఆమె ఏడవడం అదే మొదటిసారి.